కార్బన్ ట్యూబు, అల్యూమినియం సాకెట్ విడిపోతున్నాయి: మూలం ఉప్పుగాలా, ఎండ వేడా?

ప్రశ్న – గాజువాక వర్క్‌షాపు

అందరికీ నమస్కారం. గాజువాకలో మాకు చిన్న ఫ్యాబ్రికేషన్ వర్క్‌షాపు ఉంది. గాలి వేగాన్నీ దిశనూ కొలిచే పరికరాలను మోసే స్తంభాలు ఆరింటిని తయారుచేసి, భీమునిపట్నం వైపు తీరంలో నిలబెట్టి ఇచ్చాము. అలల తుంపర నేరుగా తగిలే చోటు కాదు గానీ, ఉప్పుగాలి మాత్రం రాత్రింబవళ్లు తగులుతూనే ఉంటుంది. ఒక్కో స్తంభంలో మూడు కార్బన్ ఫైబర్ ట్యూబులు, వాటిని కలపడానికి రెండు అల్యూమినియం సాకెట్లు ఉంటాయి. ట్యూబు బయటి వ్యాసం 50 మిల్లీమీటర్లు, గోడ మందం 2 మిల్లీమీటర్లు. సాకెట్‌ను 6061 అల్యూమినియం మిశ్రమం నుంచి లేతు మీద తీసి, అనోడైజింగ్ (విద్యుత్తుతో పైన గట్టి ఆక్సైడ్ రక్షణ పొర ఏర్పరచడం) చేయించాము. ఒక్కో సాకెట్‌కు పైకి తెరిచిన గిన్నె ఒకటి, కిందికి తెరిచిన గిన్నె ఒకటి, మధ్యలో మెట్టు ఉంటాయి. ట్యూబు చివర 60 మిల్లీమీటర్ల మేర గిన్నెలోకి దిగుతుంది. రెండు భాగాల ఎపాక్సీ జిగురుతో అతికించి, భద్రత కోసమని ఒక్కో గిన్నెకు నాలుగేసి స్టెయిన్‌లెస్ స్టీలు రివెట్లు కొట్టాము.

14 నెలలు గడిచేసరికి రెండు స్తంభాలు గాలికి ఊగుతున్నాయని కబురు వచ్చింది. దించి చూస్తే, పైకి తెరిచిన గిన్నెల అంచుల దగ్గర తెల్లటి పొడి పేరుకుని ఉంది, రివెట్ల చుట్టూ అనోడైజింగ్ పొర ఉబ్బి పెచ్చులుగా లేస్తోంది. ఒక సాకెట్‌ను చేత్తో తిప్పితే ట్యూబు నుంచి ఊడి వచ్చేసింది. దాని అడుగున మెట్టు మీద, తడి సున్నంలా చేతికి అంటుకునే తెల్లటి ముద్ద కనిపించింది. ట్యూబుకు మాత్రం ఏమీ కాలేదు, కొత్తదానిలాగే ఉంది.

ఇక్కడ నాకు ఇద్దరు పెద్దలు సలహా ఇచ్చారు. ఒకరు ఇది కేవలం తుప్పు సమస్య అనీ, అల్యూమినియం మీద ఇంకో రెండు పూతలు వేస్తే చాలనీ అన్నారు. రెండోవారు కార్బన్, అల్యూమినియం ఎండకు ఒకే తీరున సాగవు కాబట్టి జిగురు తెగిపోయిందనీ, తుప్పు ఆ తర్వాత వచ్చిందనీ అంటున్నారు. వేసవి మధ్యాహ్నం నల్లటి ట్యూబు మీద నేనే కొలిస్తే 65 డిగ్రీల సెల్సియస్ చూపించింది. జిగురు పెట్టిన రోజు షెడ్డులో సుమారు 30 డిగ్రీలు ఉంది. ఈ రెండింటిలో ఏది నిజమో తెలిస్తే తప్ప, మిగిలిన నాలుగు స్తంభాలను ఏం చేయాలో, కొత్తవాటిని ఎలా చేయాలో నిర్ణయించుకోలేను. అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం 1 – తుప్పు నివారణ విభాగంలో పనిచేసినవారు

మీరు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే, ఇది గాల్వానిక్ తుప్పు (వేర్వేరు పదార్థాలు తడిలో తగిలినప్పుడు పుట్టే కరెంటు వల్ల వచ్చే తుప్పు) అనడంలో నాకు సందేహం లేదు. కార్బన్ ఫైబర్‌ను చాలామంది ప్లాస్టిక్ కింద జమకడతారు, కానీ అందులోని పీచు విద్యుత్తును చక్కగా ప్రవహింపనిస్తుంది. అంతేకాదు, ఉప్పునీటిలో అది గ్రాఫైట్ లాగా, అంటే బంగారం, ప్లాటినం వంటి లోహాల సరసన ఉండే పదార్థం లాగా ప్రవర్తిస్తుంది. సముద్రపు నీటిలో దానికీ అల్యూమినియానికీ మధ్య వచ్చే వోల్టేజి తేడా దాదాపు ఒక వోల్టు. ఈ రెండూ ఎక్కడో ఒకచోట విద్యుత్ పరంగా తగిలి, మరోచోట ఒకే ఉప్పు తడిలో మునిగితే అక్కడ ఒక బ్యాటరీ తయారైనట్టే. ఆ బ్యాటరీలో కరిగిపోయేది ఎప్పుడూ అల్యూమినియమే. ట్యూబు కొత్తదానిలా మిగలడం ఆశ్చర్యపడవలసిన విషయం కాదు.

మీ కీలులో, అంటే ట్యూబు సాకెట్‌తో కలిసే చోట, ఆ తగులు ఎక్కడ దొరికిందో చూడండి. జిగురు పొర సమంగా ఉంటే అదే ఇన్సులేటర్‌గా పనిచేస్తుంది. కానీ మీరు రివెట్లు కొట్టారు. రివెట్ కోసం ట్యూబులో తొలిచిన ప్రతి రంధ్రం గోడ మీదా వేలాది కార్బన్ పీచుల కొనలు తెగి బయటపడతాయి. రివెట్ కాడ ఆ కొనలను ఒరుసుకుంటూ పోయి, అవతలి పక్క అల్యూమినియాన్ని బిగించి పట్టుకుంటుంది. అంటే ఏ రెండు పదార్థాలను జిగురు విడదీసిందో, వాటిని రివెట్ మళ్లీ తీగతో కలిపినట్టు కలిపింది. పైగా అనోడైజింగ్ అయ్యాక రంధ్రాలు వేసి ఉంటే, ఆ రంధ్రాల లోపల రక్షణ పొర లేని పచ్చి అల్యూమినియం మిగిలి ఉంటుంది.

ఇక్కడే మీ మొదటి పెద్దమనిషి సలహా ప్రమాదకరమని చెప్పక తప్పదు. అల్యూమినియం మీద మాత్రమే ఎన్ని పూతలు వేసినా, ఎక్కడో ఒక గీత పడుతుంది. అప్పుడు విశాలమైన కార్బన్ ఉపరితలం కేథోడ్‌గా (బ్యాటరీలో కరగని వైపుగా), గీతలో బయటపడిన గోరంత అల్యూమినియం ఏనోడ్‌గా (కరిగిపోయే వైపుగా) మారి, మొత్తం కరెంటు ఆ గోరంత చోటులోనే లోహాన్ని తినేస్తుంది. పూత లేనప్పుడు అంతటా కొద్దికొద్దిగా పోయే లోహం, పూత వేశాక ఒకేచోట లోతైన గుంటగా పోతుంది. అందువల్ల పూత వేయవలసి వస్తే ముందుగా కార్బన్‌కు వేయాలి. కేథోడ్‌కు ఆక్సిజన్, తడి అందకుండా చేస్తే కరెంటు దానంతట అదే పడిపోతుంది.

ఈ పాఠం చాలా పాతది. 1761లో బ్రిటిష్ నౌకాదళం అలార్మ్ అనే యుద్ధనౌక అడుగుకు రాగి రేకులు తొడిగింది. కొంత కాలానికి విప్పి చూస్తే, రాగికి తగిలిన ఇనుప మేకులు చాలావరకు తినేసినట్టు అయిపోయాయి. రాగి రేకులు చుట్టి వచ్చిన గోధుమరంగు కాగితం తీయకుండా వదిలేసిన చోట్ల మాత్రం మేకులు నిలిచాయి. రెండు లోహాల మధ్య ఒక కాగితం అడ్డుపడినంత మాత్రాన అంత తేడా వచ్చింది. మీ కీలులో ఆ కాగితం పాత్ర జిగురుది, దానికి చిల్లు పెట్టింది రివెట్.

సమాధానం 2 – కాంపోజిట్ (పీచు, రెసిన్ కలిపి చేసే పదార్థం) నిర్మాణాల విశ్లేషకులు, హైదరాబాద్

పై సమాధానంలో తుప్పు గురించి చెప్పిన ప్రతి మాటతోనూ నేను ఏకీభవిస్తాను. కానీ ఉప్పునీరు లోపలికి వెళ్లడానికి దారి ఎవరు తెరిచారన్న ప్రశ్న అక్కడ మిగిలిపోయింది. దానికి సమాధానం వేడిలో ఉందని నా అభిప్రాయం.

ఒక మీటరు పొడవున్న అల్యూమినియం కడ్డీ ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 23 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సాగుతుంది. కార్బన్ పీచు దాని పొడవు దిశలో దాదాపు ఏమాత్రం సాగదు, నిజానికి కొద్దిగా కుంచించుకుంటుంది కూడా. మీ ట్యూబులో పీచులు ఎక్కువగా నిలువునా ఉంటాయి కాబట్టి పొడవు దిశలో రెండింటి మధ్య తేడా మీటరుకు, డిగ్రీకి 22 మైక్రాన్ల పైమాటే. 60 మిల్లీమీటర్ల అతుకు, 30 నుంచి 65 డిగ్రీలకు చేరే వేడి అని లెక్క వేస్తే, విడివిడిగా వదిలేసినప్పుడు మొత్తం 46 మైక్రాన్లు, అంటే ఒక్కో కొన దగ్గర 23 మైక్రాన్ల జారుడు రావాలి. అయితే జిగురు వాటిని విడివిడిగా వదలదు, ఒకదానినొకటి లాగి పట్టుకుంటాయి. అతుకుల్లో కోత ఒత్తిడి (రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి జారబోతే జిగురులో పుట్టే ఒత్తిడి) ఎలా పంపిణీ అవుతుందో 1938లో వోల్కర్సన్ అనే పరిశోధకుడు చూపించిన పద్ధతిలో లెక్కించాను. సాకెట్ గోడ 3 మిల్లీమీటర్లు, జిగురు మందం 0.2 మిల్లీమీటరు, జిగురు కోత గుణకం (ఆ జారుడుకు జిగురు ఎంత గట్టిగా ఎదురు నిలుస్తుందో చెప్పే కొలత) ఒక గిగాపాస్కల్ అని నేను అనుకున్నాను. అసలు జారుడు మూడు, నాలుగు మైక్రాన్లకు తగ్గి, కొనల దగ్గర ఒత్తిడి సుమారు 17 మెగాపాస్కల్స్ తేలుతోంది. చల్లగా ఉన్నప్పుడు మంచి ఎపాక్సీ దీన్ని తట్టుకుంటుంది. కానీ గది ఉష్ణోగ్రతలోనే గట్టిపడనిచ్చిన ఎపాక్సీలు చాలావరకు 50, 60 డిగ్రీల దగ్గరే మెత్తబడడం మొదలుపెడతాయి, తేమ పీల్చుకుంటే ఆ హద్దు ఇంకా కిందికి జారుతుంది. 14 నెలలంటే నాలుగు వందలకు పైగా పగళ్లు, రాత్రులు. ఎండ కాసిన ప్రతి రోజూ ఒక లాగుడు, ప్రతి రాత్రీ ఒక సడలింపు.

ఈ లెక్కలో రెండు సంగతులు జాగ్రత్తగా గమనించండి. మొదటిది, ఒత్తిడి అంతా కొనల దగ్గర కొన్ని మిల్లీమీటర్లలోనే ఉంటుంది, మధ్య భాగం దాదాపు ఖాళీగా కూర్చుంటుంది. కాబట్టి అతుకును 60 నుంచి 100 మిల్లీమీటర్లకు పెంచినా ఉష్ణ ఒత్తిడి తగ్గదు. రెండవది, జిగురు పొర మందం రెట్టింపు చేస్తే ఆ ఒత్తిడి సుమారు మూడో వంతు తగ్గుతుంది, జిగురు కోత గుణకం నాలుగో వంతుకు తగ్గితే ఒత్తిడి సగమవుతుంది. గట్టి జిగురు, పల్చటి పొర అయితేనే బలం అన్న అభిప్రాయం మన వర్క్‌షాపుల్లో బలంగా నాటుకుపోయింది. ఒకే లోహపు ముక్కలను అతికించేటప్పుడు అది చాలావరకు సరైనదే కానీ, ఇలా సాగుడు తేడా ఉన్న జంటకు అది పనికిరాదు.

ఇంకొక విషయం మీ డిజైన్‌లోనే ఉంది. అల్యూమినియం బయట, కార్బన్ లోపల ఉన్నాయి. వేడెక్కినప్పుడు బయటి గిన్నె వ్యాసం ట్యూబు వ్యాసం కంటే ఎక్కువగా పెరిగి, జిగురును ట్యూబు నుంచి ఊడలాగుతుంది. అదీ సరిగ్గా జిగురు మెత్తగా ఉన్న మధ్యాహ్నపు వేళ. అల్యూమినియం ముక్కను ట్యూబు లోపలికి దించి ఉంటే, అదే వేడి జిగురును నొక్కి పట్టేది. చల్లబడినప్పుడు ఊడలాగే బలం దానికీ ఉంటుంది కానీ, మన తీరంలో చలి రాత్రి జిగురు పెట్టిన ఉష్ణోగ్రతకు ఎంతో కిందికి దిగదు. మంచు ప్రాంతంలో అయితే నేను ఈ సలహాను ఇంత ధీమాగా ఇవ్వను.

మీరు ఒక పని చేయగలిగితే ఈ వాదం తేలిపోతుంది. కిందికి తెరిచిన గిన్నెల్లో నీరు నిలవదు. వాటి అంచులను భూతద్దంతో చూడండి. అక్కడ తెల్లపొడి లేకుండా పగులు మాత్రమే ఉంటే, వేడి తన పనిని తుప్పు సాయం లేకుండానే చేసిందని అర్థం. పగులు అసలు లేకపోతే నా వాదన తప్పు.

ప్రశ్న వేసినవారి జవాబు

ఇద్దరికీ ధన్యవాదాలు. మీరు చెప్పినట్టే దించిన రెండు స్తంభాల్లోని ఎనిమిది గిన్నెలనూ పరిశీలించాను. కిందికి తెరిచిన నాలుగింటిలో మూడింటికి అంచు చుట్టూ వెంట్రుక మందం పగులు ఉంది, అందులో ఇంకు వేస్తే మూడు నుంచి ఐదు మిల్లీమీటర్ల లోతుకు పోయింది. ఆ అంచుల్లో తెల్లపొడి లేదు. పైకి తెరిచిన నాలుగింటికీ పగులూ ఉంది, పొడీ ఉంది.

ట్యూబు మీది రెసిన్‌ను (పీచులను పట్టి ఉంచే గట్టిపడిన ప్లాస్టిక్‌ను) ఎమరీ పేపరుతో ఒక చిన్న చోట గీకి, నల్ల పీచు కనిపించాక మల్టీమీటరు ఒక కొనను అక్కడ, రెండో కొనను అనోడైజింగ్ గీకిన సాకెట్ మీద పెట్టాను. ఏడు గిన్నెల దగ్గర 10 ఓములకు లోపే చూపించింది. ఊడిపోయిన ఒక్క దానికి మాత్రం కొలత రాలేదు. అనోడైజింగ్ తర్వాతే రివెట్ రంధ్రాలు వేశామన్నది కూడా నిజమే. ఊడిన ట్యూబు కొనను పరీక్షగా చూస్తే, మేము రంపంతో కోసి అలాగే వదిలేసిన ముఖం నేరుగా మెట్టు మీద కూర్చుని ఉంది. మెట్టు మీద ఆ ట్యూబు గోడ ఆకారంలోనే గుండ్రంగా, ఉంగరంలా గాడి పడింది. ఆ గాడి లోతు ఒక మిల్లీమీటరు పైనే ఉంది. దాన్ని చూశాక నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే అలాంటివి ఇంకా నాలుగు స్తంభాలు నిలబడి ఉన్నాయి.

అల్యూమినియం మానేసి స్టెయిన్‌లెస్ 316 గానీ టైటానియం గానీ వాడితే సరిపోతుందా? లేదా కార్బనే మానేయాలా?

సమాధానం 3 – ఫైబర్ లేఅప్ (పీచు గుడ్డను రెసిన్‌తో పొరలుగా పరిచే) పనిలో ఇరవై ఏళ్లుగా ఉన్నవారు, కాకినాడ

మీరు చూపిన ఆ ఉంగరపు గాడితో ఇద్దరి మాటా నిజమేనని తేలింది. ఎండ అంచును తెరిచింది, ఉప్పునీరు పగులు వెంట దిగి మెట్టు మీద నిలిచింది, కోసిన పీచుల ముఖమూ రివెట్లూ కలిసి అక్కడ అల్యూమినియాన్ని తినేశాయి. తుప్పు వల్ల పుట్టే ఆ తెల్లటి అల్యూమినియం హైడ్రాక్సైడ్ అసలు లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అది ఉబ్బుతూ మిగిలిన జిగురును లోపలి నుంచి చీలుస్తూ వచ్చింది.

లోహం మార్చే ప్రశ్నకు ముందు జవాబిస్తాను. టైటానియం కార్బన్‌తో చక్కగా కలిసి ఉంటుంది, వ్యాకోచం కూడా అల్యూమినియంలో సగానికంటే తక్కువ. బోయింగ్ 787 విమానం బరువులో దాదాపు సగం కాంపోజిట్లు ఉండగా, టైటానియం వాటా 15 శాతం దాకా పెరగడానికి ఈ పొత్తు ఒక ముఖ్య కారణం. కానీ ధర, లేతు పని కష్టం మీ స్తంభాలకు గిట్టుబాటు కావు. 316 స్టీలు గాలి ఆడే చోట బాగుంటుంది. ఆక్సిజన్ అందని మూసిన గిన్నె అడుగున ఉప్పునీరు నిలిస్తే దాని రక్షణ పొర కూడా దెబ్బతిని గుంటలు పడుతుంది. అందువల్ల దాన్ని పరిష్కారంగా నేను చెప్పను.

కార్బన్ మీకు నిజంగా అవసరమా అన్నది మాత్రం తప్పక ఆలోచించండి. గాలి కొలిచే స్తంభం ఊగకూడదు కాబట్టి దృఢత్వం కావాలని తెలుసు. గ్లాస్ ఫైబర్ దృఢత్వం కార్బన్ ఫైబర్‌లో మూడో వంతు లోపే. అయినా వ్యాసాన్ని 50 నుంచి 75 మిల్లీమీటర్లకు పెంచుకునే వీలుంటే, అదే గోడ మందంతో దృఢత్వం వ్యాసపు ఘనంతో పెరుగుతుంది కనుక, ఒకటిన్నర రెట్ల వ్యాసానికి మూడు రెట్ల పైగా లాభం వస్తుంది. గాలి తాకిడి కూడా పెరుగుతుందని మరువకండి. గ్లాస్‌లో కరెంటు పారదు, కాబట్టి బ్యాటరీ బాధే మొదలవదు. మా తీరంలో ఫైబర్ తెప్పలు ఏళ్ల తరబడి ఉప్పునీటిలోనే తిరుగుతున్నాయి, వాటిలో మరమ్మతుకు వచ్చేవి ఎక్కువగా లోహపు బిగింపుల చోట్లే.

కార్బన్‌తోనే కొనసాగుతానంటే ఇలా చేయండి. ట్యూబు చివర అతుకు మేర, అది దాటి మరో 25 మిల్లీమీటర్ల వరకు, ఎపాక్సీలో తడిపిన పల్చటి గ్లాస్ క్లాత్‌ను రెండు పొరలు చుట్టండి. కోసిన ముఖాన్ని నున్నగా రుద్ది, రెసిన్ రెండు సార్లు తాపండి, ఆరాక మల్టీమీటరు పెట్టి చూడండి. ముఖం మీద ఎక్కడా కొలత రాకూడదు. ముఖానికీ మెట్టుకూ మధ్య మిల్లీమీటరు మందం గ్లాస్ ఉంగరం ఒకటి పెట్టండి. వీలైతే అల్యూమినియం ముక్కను ట్యూబు లోపలికి దిగేలా మార్చుకోండి, అప్పుడు గ్లాస్ పొర లోపలి వైపు రావాలి. జిగురు మందం కోసం, గాలానికి వాడే 0.4 మిల్లీమీటర్ల నైలాన్ దారాన్ని నాలుగు చోట్ల నిలువుగా పరిచి దిగేస్తే ట్యూబు సరిగ్గా మధ్యలో కూర్చుంటుంది. జిగురు రబ్బరు కలిపిన రకమై ఉండాలి. గట్టిపడ్డాక తయారీదారు చెప్పిన వేడిలో కొన్ని గంటలు ఉంచితే మెత్తబడే హద్దు పైకి జరుగుతుంది. ఆ వేడిలో అల్యూమినియం కూడా సాగుతుంది కాబట్టి, ముందు చల్లగా పూర్తిగా గట్టిపడనిచ్చి, తర్వాతే మెల్లగా వేడి పెంచండి. రివెట్లు వద్దు. భద్రత కోసం తప్పదనుకుంటే గ్లాస్ ఫైబర్ కడ్డీ ముక్కలను జిగురులో ముంచి దిగేయండి. అల్యూమినియానికి రంధ్రాలు, గీతలు అన్నీ అయ్యాకే అనోడైజింగ్‌కు పంపండి. చివరగా, స్తంభానికి తెల్ల రంగు వేయండి. అది వేడినీ తగ్గిస్తుంది, కార్బన్‌కు తడి తగలకుండా పూతగానూ పనిచేస్తుంది.

అడ్డు పొర గురించి ఒక హెచ్చరిక చెప్పాలి. న్యూయార్క్‌లోని స్వేచ్ఛా ప్రతిమలో రాగి తొడుగుకూ లోపలి ఇనుప చట్రానికీ మధ్య ఆస్‌బెస్టాస్, లక్కతో చేసిన అడ్డు పొర పెట్టారు. కాలక్రమంలో ఆ పొరే పాడై తడిని పట్టి ఉంచసాగింది, ఇనుము ఉబ్బి రాగిని తోసింది. 1986 నాటికి పూర్తయిన మరమ్మతులో స్టెయిన్‌లెస్ స్టీలు, టెఫ్లాన్ పొర వాడవలసి వచ్చింది. మీ గ్లాస్ పొర కూడా రెసిన్‌తో పూర్తిగా తడిసి, అంచు వరకు మూసుకుని ఉండకపోతే అది దూదిలా ఉప్పునీటిని పీల్చి నిలబెడుతుంది. తెల్లగా, పొడిగా కనిపించే మచ్చ ఒక్కటి ఉన్నా ఆ చుట్టును తీసేసి మళ్లీ వేయండి.

నిలబడి ఉన్న నాలుగు స్తంభాల విషయంలో ఆలస్యం చేయకండి. వాటిని దించేదాకా తాళ్లతో మూడు వైపుల నుంచి కట్టి ఉంచండి. పైకి తెరిచిన ప్రతి గిన్నెకు, మెట్టుకు కాస్త పైన, సాకెట్ గోడకు మాత్రమే 4 మిల్లీమీటర్ల రంధ్రం పెట్టండి, డ్రిల్లు ట్యూబును తాకకూడదు. మంచినీరు ఎక్కించి, కారే నీరు నాలుకకు ఉప్పగా తగలనంతవరకు కడగండి. రెండు రోజులు ఎండాక రంధ్రం అంచుకు ప్రైమరు, గిన్నె పెదవికి పాలీసల్ఫైడ్ సీలెంటు (నీరు దిగకుండా మూసే రబ్బరు లాంటి ముద్ద) పట్టించండి, రంధ్రాన్ని మాత్రం మూయకండి. ఇది తాత్కాలికమే, ఎందుకంటే రివెట్లు లోపలే ఉన్నాయి. వచ్చే వానాకాలానికి ముందే ఒక్కొక్కటిగా దించి కొత్త కీళ్లు వేయండి, దించినప్పుడల్లా ఆ ఉంగరపు గాడి లోతు కొలిచి రాసుకోండి. అన్నింటికంటే లోతైనది ఏ స్తంభంలో, ఏ వైపు ఎండ తగిలే కీలులో వచ్చిందో తెలిస్తే ఇక్కడ రాయండి, మేమూ చూస్తాము.